తరగతికి ఒక టీచరు వచ్చాక మా బడిలో మారింది ఇదీ. మీ బళ్లలో పరిస్థితి ఏమిటి?

పలక_బలపం (ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు, పల్నాడు జిల్లా)

పదకొండేళ్లుగా ప్రాథమిక పాఠశాలలోనే ఉన్నాను. అందులో ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెప్పాను. తోటి టీచరు సెలవు పెట్టిన రోజున మూడో తరగతి కూడా నా గదిలోకే వచ్చేది. 2025 జూన్‌లో మా బడిని తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూలు చేశారు. హైస్కూలు నుంచి వచ్చిన స్కూల్ అసిస్టెంటు ప్రధానోపాధ్యాయులయ్యారు. ఆయనతో కలిపి ఇప్పుడు ఐదుగురం. నాకు ఒకటే తరగతి ఇచ్చారు. ఒకటో తరగతి, 22 మంది.

తేడా ఎక్కడ తెలిసిందో చెబుతాను. ఇదివరకు ఒకటో తరగతికి గుణింతాలు చెబుతుంటే రెండో తరగతి వాళ్లు నల్లబల్ల మీది లెక్కలు ఎక్కించుకుంటూ ఉండేవారు. వాళ్ల దగ్గరకు వెళితే వీళ్లు గోల. అంటే రోజులో సగం సేపు ప్రతి పిల్లవాడూ నన్ను చూస్తూ ఖాళీగా ఉండేవాడు, లేదా అర్థం కానిదాన్ని ఎక్కిస్తూ ఉండేవాడు. ఇప్పుడు రోజూ ప్రతి ఒక్కరినీ నా పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తున్నాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, 44 నిమిషాల్లో అందరిదీ అయిపోతుంది. ఆగస్టులో ఒక బాబు వాచకంలో పేజీ గడగడా చదివాడు. ఎందుకో అనుమానం వచ్చి పుస్తకం మూశాను. అదే వేగంతో చివరిదాకా చెప్పేశాడు. వాడికి అక్షరాలు రావు, పక్కవాళ్లు చదువుతుంటే విని కంఠస్థం చేశాడు. పాత పద్ధతిలో ఈ విషయం నాకు తెలిసేది కాదు. వాడు అలాగే ఐదో తరగతికి వెళ్లిపోయేవాడు.

తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించడానికి ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు మీ ఊళ్లలో ఎలా ఫలించాయో తెలుసుకోవాలని ఉంది. టీచర్లూ తల్లిదండ్రులూ అందరూ రాయండి.

మిరపతోట (ఒక తండ్రి, అదే జిల్లా)

టీచరు గారూ, మీ తరగతి బాగుపడినందుకు సంతోషం. కానీ మీ బడికి ఐదుగురు టీచర్లు ఎలా వచ్చారో కూడా రాయాలి. చుట్టుపక్కల చిన్న బళ్ల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు వచ్చి చేరితేనే అంత సంఖ్య అయింది. అలా పిల్లలను పంపిన బళ్లలో మా తండా బడి లాంటివి చాలా ఉన్నాయి. మా పాప రెండో తరగతి వరకు ఇంటి ముందు చదివింది. మూడో తరగతికి రెండు కిలోమీటర్లు వెళ్లాలి, మధ్యలో లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ఆటోకి నెలకు 600 రూపాయలు. మిరపకాయ కోతల రోజుల్లో మేము తెల్లవారకముందే పొలానికి వెళతాం. ఆటో రాకపోతే పాప ఇంట్లోనే. ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు లోపల బడి ఉండాలని నిబంధనల్లోనే ఉందంటారు. తరగతులను అలా మార్చడానికి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. పెట్టకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

పాత_హాజరుపట్టీ (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా)

ఇద్దరూ నిజమే చెప్పారు. ఈ రెండు నిజాలు ఎదురుపడటానికి కారణం మన లెక్క వేసే పద్ధతి. కొంచెం వెనక్కి వెళతాను.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఏకోపాధ్యాయ పాఠశాల అన్నది సర్వసాధారణం. ఐదు తరగతులు, ఒక పంతులు, ఒక వరండా. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం ఇద్దరు టీచర్లు, అన్ని కాలాల్లోనూ వాడుకోదగిన రెండు గదులు ఉండాలన్నది దాని లక్ష్యం. ఇద్దరిలో ఒకరు మహిళ అయితే మేలన్నారు. ఆ ఇద్దరు అన్నది అప్పటికి గొప్ప మెట్టు. విచారం ఏమిటంటే, మనం ఆ మెట్టు మీదే ఉండిపోయాం.

2009 విద్యాహక్కు చట్టం అనుబంధం తీసి చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. 150 దాటితే ప్రధానోపాధ్యాయుడు అదనం. 200 దాటితే టీచరుకు 40 మంది మించకూడదు. ఇందులో తరగతి అన్న మాట ఎక్కడుంది? బడి మొత్తంలో పిల్లలను లెక్కించి టీచర్లను ఇస్తారు. 60 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లంటే నిష్పత్తి 1:30, కాగితం మీద చక్కగా ఉంటుంది. గదిలోకి వెళితే ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. ఒకరి దగ్గర రెండు తరగతులు, మరొకరి దగ్గర మూడు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి బడిలోనూ 30కి ఒకరి కన్నా మెరుగ్గా ఉండాలంది, వెనుకబడిన ప్రాంతాల్లో 25కి ఒకరన్నది. అదీ నిష్పత్తే.

నిష్పత్తిని సరిచేసే చవకైన దారి పిల్లలను ఒకచోటికి చేర్చడం. 2022 జూన్‌లో 117 జీవోతో మూడు నుంచి ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లకు పంపింది ఆ దారిలోనే. చిన్న పిల్లలకు సబ్జెక్టు టీచర్లు చెబుతారన్నారు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి గంట గంటకూ మారే టీచరు కన్నా రోజంతా తనను కనిపెట్టుకుని ఉండే ఒక్క టీచరు అవసరమని నా 34 ఏళ్ల అనుభవం. 2025లో ఆ జీవోను రద్దు చేసి, మోడల్ ప్రైమరీ బళ్లలో తరగతికి ఒక టీచరు అన్న మాట పైకి తెచ్చారు. ఇన్నేళ్లలో ప్రభుత్వ ఉత్తర్వుల్లో తరగతిని కొలమానంగా తీసుకోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. అయితే అది ఎక్కువ మంది పిల్లలున్న బళ్లకే. మిరపతోట గారి తండా బడికి పాత నిష్పత్తే మిగిలింది.

ఒకే_గది (ఏకోపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

మాస్టారు చెప్పిన దానికి నేనే ఉదాహరణ. మా బడిలో 17 మంది పిల్లలు. మొత్తం మీద చూస్తే రాష్ట్రంలో నా అంత అదృష్టవంతుడు లేడు, టీచరుకు 17 మందే. కానీ ఒకటో తరగతిలో ఐదుగురు, రెండులో ముగ్గురు, మూడులో నలుగురు, నాలుగులో ఇద్దరు, ఐదులో ముగ్గురు. ఐదు తరగతుల పాఠాలు ఒక్కడినే చెప్పాలి. ఒక్కో తరగతికి నాలుగేసి సబ్జెక్టులు వేసుకున్నా రోజుకు ఇరవై పాఠాలవుతాయి. పైగా ఒకటో తరగతి పిల్లలకు ఇంట్లో మాట్లాడేది కువి. తెలుగు వాళ్లకు బడిలోనే మొదలవుతుంది. వాళ్లతో గంటల తరబడి మాట్లాడాలి. ఆ గంటలు నా దగ్గర లేవు.

హాజరు యాప్, భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, ఇవన్నీ సిగ్నల్ దొరికే గట్టు ఎక్కి పంపాలి. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశం ఉన్న రోజు బడి మూతే. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప టీచరును ఇతర పనులకు పంపకూడదని చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. యాప్‌ల గురించి అప్పట్లో ఎవరూ ఊహించలేదు కాబట్టి అవి అందులో లేవు.

వలస_కాలనీ (ఎస్‌జీటీ, రంగారెడ్డి జిల్లా)

మా దగ్గర దీనికి పూర్తిగా ఎదురు. నగరం అంచున అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట మా బడి. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, మన పాలమూరు నుంచి వచ్చిన కూలీల పిల్లలు. నా రెండో తరగతిలో ఈ రోజు హాజరు 57. జూన్‌లో 41 ఉండేది, దసరా తర్వాత పెరిగింది. సంక్రాంతికి కొందరు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. పోస్టుల కేటాయింపు మాత్రం ఎప్పుడో తీసిన యూడైస్ (బళ్ల సమాచార సేకరణ) లెక్కల మీద జరుగుతుంది.

2024 డీఎస్సీలో మా తెలంగాణలో 11,062 పోస్టులు ప్రకటించారు, అందులో 6,508 ఎస్‌జీటీలవే. అక్టోబరులో కొత్తవాళ్లు చేరారు. మా బడికి ఒక అమ్మాయి వచ్చింది, చాలా చురుకైనది. తరగతిని రెండు సెక్షన్లు చేద్దామనుకున్నాం. గది లేదు! ఒకే గదిలో ఆ గోడ వైపు ఒక సెక్షను, ఈ గోడ వైపు ఒక సెక్షను, మధ్యలో ఇద్దరం గొంతు చించుకుంటున్నాం. కాగితం మీద ఇప్పుడు నా తరగతి 28. చెవులతో వింటే 57.

టీచర్లను మంజూరు చేసేవారు, గదులను మంజూరు చేసేవారు వేరు వేరు విభాగాల్లో ఉంటే ఇలాగే అవుతుంది. రెండూ ఒకే ఉత్తర్వులో ఉండాలి.

లెక్కల_మనిషి (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

అందరి అనుభవాలూ చదివాను. అయితే తరగతి చిన్నది కాగానే చదువు దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకాన్ని కొంచెం పరీక్షించాలి.

అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్ల పాటు 79 బళ్లలో ప్రయోగం చేశారు. పిల్లలను చీటీలు తీసినట్టు విభజించి కొందరిని 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల్లో, కొందరిని 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల్లో ఉంచారు. చిన్న తరగతుల పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు. పేద పిల్లలకు, నల్లజాతి పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. ఇది ఒక పక్క.

కెన్యాలో దాదాపు 80 మంది ఉన్న ఒకటో తరగతిని అదనపు టీచరుతో రెండుగా చీల్చారు. పాత ప్రభుత్వ టీచరు దగ్గరే ఉండిపోయిన సగం మందికి సంఖ్య తగ్గినా చెప్పుకోదగిన మెరుగుదల రాలేదు. కొత్తగా వచ్చిన కాంట్రాక్టు టీచరు దగ్గరి పిల్లలు మెరుగయ్యారు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లో చేసిన అధ్యయనం ఉంది. గ్రామాల్లోని 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ఒక అదనపు కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. రెండేళ్ల తర్వాత ఆ బళ్లలో మార్కులు లెక్కల్లో 0.16, భాషలో 0.15 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. నూరు మందిలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్లవాడు ఆరుగురిని దాటి వెళ్లినట్టు అనుకోండి. ఒకటో తరగతి వారికి, మారుమూల బళ్లకు మేలు ఎక్కువ. అప్పట్లో రెగ్యులర్ టీచర్ల గైర్హాజరు 27 శాతం, కాంట్రాక్టు టీచర్లది 18 శాతం.

కాబట్టి సంఖ్య ఒక్కటే చాలదు. టీచరు వచ్చాడా, వచ్చి ఏం చేస్తున్నాడన్నది చూడాలి.

పాత_హాజరుపట్టీ

బాబూ, మీ అంకెలను నేను కాదనను. గైర్హాజరు గురించి రాసింది మా వృత్తికి తగిలే దెబ్బ, తగలాల్సిందే. కానీ ఆ అధ్యయనాన్ని చూపించి తక్కువ జీతానికి విద్యా వలంటీర్లను పెట్టుకుంటే సరిపోతుందన్న వాదన నా సర్వీసులో చాలాసార్లు విన్నాను. నా బడిలో పనిచేసిన వలంటీరు అమ్మాయి బంగారం లాంటి టీచరు. ఊళ్లో పిల్ల కాబట్టి రాని పిల్లవాడి ఇంటికి తానే వెళ్లి తీసుకొచ్చేది. మార్చి నెలకు జీతం ఆగస్టులో అందేది. మూడేళ్లు చూసి బట్టల దుకాణంలో చేరింది. ఆమె నేర్చిన పని ఆమెతోనే పోయింది. ఒకటో తరగతి పిల్లలకు మేలు ఎక్కువ జరిగిందన్నారే, ఆ ముక్కను పట్టుకోండి. మొదటి రెండు తరగతులకు విడిగా, స్థిరంగా ఉండే టీచరు కావాలని మేము అడుగుతున్నది అదే.

లెక్కల_మనిషి

మాస్టారూ, జీతం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. ఒకటి, రెండు తరగతుల దగ్గరే ముందు ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం కూడా. ఐదు తరగతులకూ ఒకేసారి సాధ్యం కాకపోతే కింది నుంచి మొదలుపెట్టడం మేలు.

బే_ఏరియా_అమ్మ (కాలిఫోర్నియా)

కింది నుంచి మొదలుపెట్టడం గురించి నేను కళ్లారా చూసింది రాస్తాను. మా పెద్దవాడు 1996లో ఇక్కడ ఒకటో తరగతి. ఆ ఏడాదే కాలిఫోర్నియా ప్రభుత్వం కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు తరగతికి 20 మందే ఉండాలని పథకం పెట్టింది. అంతకుముందు సుమారు 30 మంది ఉండేవారు. తగ్గించిన బడికి పిల్లవాడికి 650 డాలర్ల చొప్పున ఇచ్చారు. వేసవిలో ప్రకటించి అదే సెప్టెంబరుకు అమలు. అన్ని జిల్లాలూ డబ్బు కోసం పరుగెత్తాయి. మా బడి ఆటస్థలంలో సగం చక్రాల మీద తెచ్చిన తాత్కాలిక గదులతో నిండిపోయింది.

మా వాడికి మంచి టీచరే దొరికింది, ఎందుకంటే మేము ఉన్నది కాస్త కలిగినవాళ్ల ప్రాంతం. పేదల బస్తీల్లో పనిచేసే అనుభవజ్ఞులైన టీచర్లు ఇటువైపు ఖాళీలు రాగానే వచ్చేశారు. అక్కడ శిక్షణ పూర్తి కానివాళ్లను అత్యవసర అనుమతులతో నియమించారు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే నష్టపోయారు. తర్వాత 2009లో ఆర్థిక మాంద్యం వచ్చేసరికి షరతులు సడలించారు, తరగతులు మళ్లీ పెరిగాయి. మనవాళ్లు ఇలాంటిది చేసేటప్పుడు టీచర్ల శిక్షణ ముందు, తగ్గింపు తర్వాత అన్న వరుస తప్పకూడదు.

తోక్యో_తెలుగు

జపాన్‌లో కింది నుంచే మొదలుపెట్టారు. ఇక్కడ ప్రాథమిక బడిలో తరగతికి 40 మంది అన్నది చాలా ఏళ్లు నడిచిన పాత పరిమితి. ఒకటో తరగతికి 2011లోనే 35 చేశారు. 2021లో చట్టం మార్చి ఆ ఏడాది రెండో తరగతికి, మరుసటి ఏడాది మూడో తరగతికి, అలా 2025 నాటికి ఆరో తరగతి దాకా 35 చేశారు. ఏటా ఒక తరగతి. 36వ పిల్లవాడు చేరితే తరగతి రెండవుతుంది. పరిమితి బడికి కాదు, తరగతికే. మాస్టారు పైన చెప్పిన తేడా ఇదే అనుకుంటున్నాను.

పాత_హాజరుపట్టీ

సరిగ్గా అదేనండీ. ఒక్క వాక్యం. మన చట్టంలో ఆ ఒక్క వాక్యం ఉంటే వలస కాలనీ టీచరు గారి రెండో తరగతికి గది అడిగే హక్కు వచ్చేది.

రెండు_జడలు (తల్లి, గుంటూరు)

మా పాప ప్రైవేటు బడిలో రెండో తరగతి. సెక్షనుకు 45 మంది. నిలబడితే బెంచీ కదలదు, అంత ఇరుకు. పాప పేరు టీచరుకు నవంబరు దాకా గుర్తులేదు. ప్రభుత్వ బడిలో ఒకటో తరగతికి 22 మంది, రోజూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించే టీచరు ఉన్నారని మాకు ఎవరు చెబుతారు? బడిబాటలో కరపత్రం ఇచ్చారు. అందులో బూట్లు, బ్యాగు, భోజనం గురించి ఉంది. మా తరగతిలో ఇంతమందే పిల్లలు, ఈ టీచరే చెబుతారు అని ఒక్క వరుస ఉంటే నేను వెళ్లి చూసి వచ్చేదాన్ని.

పలక_బలపం

రెండు జడలు గారూ, వచ్చే ఏడాది మా బడి కరపత్రంలో ఆ వరుస ఉంటుంది. నేనే రాయిస్తాను.

మిరపతోట గారూ, మీ సందేశం చదివాక రెండు రోజులు సమాధానం రాయలేకపోయాను. మీరన్నది నిజం. నా తరగతిలో కలిగిన మేలుకు కొంత మూల్యం మీ పాప చెల్లిస్తోంది. మీ తండా లాంటి చోటి నుంచి మా మూడో తరగతికి వచ్చే పిల్లలు తొమ్మిది మంది. వాన పడిన రోజు ఆ వరుస ఖాళీగా ఉంటుంది. తీసివేతలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం చెప్పిన రెండు రోజులూ వాన. వాళ్లలో ఆరుగురికి అది ఇప్పటికీ రాదని ఆ తరగతి టీచరు చెప్పారు. టీచరు ఉన్నారు, గది ఉంది, పిల్లల సంఖ్యా తక్కువే. పిల్లలే రాలేకపోయారు.

ఒక పని వెంటనే చేయవచ్చు. సమగ్ర శిక్ష పథకం కింద బడి దూరమైన పిల్లలకు రవాణా భత్యం ఉంది, ఏడాదికి 6,000 రూపాయల వరకు. ప్రాథమిక తరగతులకు కిలోమీటరు దాటితే వర్తిస్తుంది. పేర్లు బడి నుంచి ఎంఈవో (మండల విద్యాధికారి) కార్యాలయానికి వెళ్లాలి. మీ పాప చదివే బడి ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్లి జాబితాలో పేరుందో లేదో అడగండి. ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా పుస్తకం తీసుకెళ్లండి.

ఒకే_గది

డబ్బు కన్నా బడి అక్కడే ఉండటం మేలు కదా మేడం. నన్నడిగితే చిన్న బడికి ఇద్దరు టీచర్లను ఇచ్చి, ఒకరికి ఒకటి, రెండు తరగతులు, మరొకరికి మూడు నుంచి ఐదు ఇవ్వాలి. పిల్లలు పది మందే ఉన్నా సరే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు, వాటిలో ఎస్‌జీటీలు ఆరు వేలకు పైనే. కొత్తవాళ్లలో ఒకరిని మా గట్టు మీదికి పంపితే ఈ 17 మందీ తెలుగు చదువుతారు. నేను హామీ ఇస్తాను.

వలస_కాలనీ

మీకు ఇద్దరు, మాకు ఒక గది. ఎంత చిన్న కోరికలు ఇవి!

మిరపతోట

వెళ్లాను టీచరు గారూ. జాబితాలో మా తండా పేరే లేదు. మా బడి మ్యాపింగులో ఎనిమిది వందల మీటర్లని రాసి ఉంది. పక్షి ఎగిరితే అంతే దూరం. చెరువు చుట్టూ తిరిగి వెళ్లాలి కాబట్టి రెండు కిలోమీటర్లు. ప్రధానోపాధ్యాయులు మంచివారు, కొలిచి రాసిస్తే పైకి పంపుతానన్నారు. నిన్న మా బామ్మర్ది మోటారు సైకిలు మీటరు చూసుకుంటూ ఇంటి నుంచి బడి గేటు దాకా వెళ్లాం. 2.1 కిలోమీటర్లు. ఫొటో తీశాం. పద్నాలుగు మంది పిల్లల పేర్లు, తల్లుల ఖాతా నంబర్లు రాసుకున్నాం. శనివారం విద్యా కమిటీ సమావేశం ఉంది, అక్కడ తీర్మానం అడుగుతాం. దాంతో పాటు మూడో తరగతిని మా బడికి తిరిగి ఇవ్వమని, ఇద్దరు టీచర్లను ఇవ్వమని ఇంకో అర్జీ కూడా రాస్తున్నాం. ఒకే గది సారు రాసిన మాటలు అందులో పెట్టుకుంటాను, వారు అనుమతిస్తే.

ఒకే_గది

పెట్టుకోండి. పిల్లలు పది మందే ఉన్నా సరే అన్న ముక్క మాత్రం తీసేయకండి.